కర్రి పళ్లు, లుంగీ అంచు

గురువారం, రాత్రి 10 గంటలు

ఇవాళ కూడా మా కుక్కపిల్ల కర్రి గురి లుంగీ అంచు మీదే. పది వారాల పిల్ల, 28 పాలపళ్లూ సూదుల్లా ఉన్నాయి. మనం అంచు గుంజుకున్నకొద్దీ దానికి హుషారు. కదలకుండా నిలబడితే గుడ్డలో మజా పోతుంది. అప్పుడు ముడేసిన తాడు నేలమీద ఆడిస్తే అంచు వదిలేసి దాని మీదకి దూకుతుంది. తాడు ముందే చేతికందేలా ఉండాలి. వెతకబోతే కాళ్లు కదులుతాయి, మళ్లీ వెంటపడుతుంది.

చెయ్యి కరిస్తే పద్ధతి వేరు. పన్ను తగలగానే ఆట బంద్. లేచి, గుమ్మానికి అడ్డంపెట్టిన చెక్క అవతలికి పోవాలి. 20, 30 సెకన్లు మాటా లేదు, చూపూ లేదు. తర్వాత మళ్లీ ఆట. పావుగంట వదిలేస్తే ఎందుకు వదిలేశారో దానికి అంతుబట్టదు. ‘అబ్బా’ అని అరిస్తే కొన్ని పిల్లలు ఆగుతాయి, కర్రి మాత్రం ఇంకా రెచ్చిపోతుంది. మూతి మీద ఒక్కటి వెయ్యమని వీధిలో ప్రతివాళ్ల సలహా. వేస్తే చెయ్యంటేనే జంకుతుంది. రేపు డాక్టరు చెవి చూడబోతే ఆ చెయ్యే కరుస్తుంది.

సాయంత్రం కరవడం మరీ ఎక్కువైంది. మధ్యాహ్నం చుట్టాలొచ్చి చేతులు మార్చుకుంటూ ముద్దు చేశారు, నిద్ర లేదు. ఈ వయసులో రోజుకి 18 నుంచి 20 గంటలు పడుకోవాలి. ఇలాంటప్పుడు నేర్పడాలు పెట్టుకోకుండా చీకటి మూలన పాత దుప్పటి మీద వదిలేయడమే.

ఒంటేలు విషయం: నిద్ర లేవగానే, తిన్న పావుగంటలో, ఆట మధ్యలో, మిగతా మెలకువలో గంటకోసారి డాబా మీది మట్టి ట్రే దగ్గరికి. టీకాలు పూర్తి కాలేదు కాబట్టి వీధి వద్దు. పని కాగానే అక్కడే శనగగింజంత ఉడికిన చికెన్ ముక్క. ఇంట్లోకొచ్చాక పెడితే లోపలికి వచ్చినందుకు పెట్టినట్టవుతుంది. హాల్లో పోసినచోట ఫినాయిల్ కొడితే మన ముక్కుకే వాసన పోతుంది, దానికి పోదు. పైగా అది నేల నాకుతుంది. ఒంటేలు వాసనని పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ పోసి పది నిమిషాలు నాననివ్వాలి. పోసినదాంట్లో దాని మూతి రుద్దితే నేర్చుకునేది ఒకటే: ఈసారి సోఫా వెనక పోయాలని.

నమలడానికి పాత చెప్పు ఇవ్వకూడదు. పాతదేదో కొత్తదేదో దానికేం తెలుసు? చెప్పులు పై అరలోకి పోవాలి. దానికి రబ్బరు బొమ్మ, లేదా తడిపి ముడేసి ఫ్రీజర్లో పెట్టిన గుడ్డ, మనం పక్కనే ఉండగా. నాలుగో నెలలో పాలపళ్లు ఊడేటప్పుడు ఈ గుడ్డ ఇంకా పనికొస్తుంది. ఉడికిన ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి, అసలే వద్దు.

అసలు తంటా అత్తయ్యతో. భోజనాల దగ్గర కుయ్యిమంటే ఆరుసార్లు పొమ్మని, ఏడోసారి జాలిపడి పెరుగన్నం ముద్ద పెట్టారు. అంటే ఏడుసార్లు అడగాలని దానికి నేర్పినట్టే. ఇక ముద్ద పెట్టడం మానేసినా, అది అడగడం మానేముందు కొన్నాళ్లు గోల పెరుగుతుంది. ఆ పెరిగినప్పుడు పెట్టారా, ఇక అంత గోలా రోజూ వినాల్సిందే.

రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. ఈలోగా ఇంట్లో పిల్లలకి దాని పన్ను గీరుకుని రక్తం వస్తే, పాలపళ్లే కదా అనుకోకూడదు. పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదేరోజు ఆస్పత్రికి వెళ్లాలి.