ఐదు, నాలుగు, ఆరు

జామకాయ కొరికితే ముక్క మీద ఎర్రటి గీత పడింది. అప్పటికి రెండేళ్ళుగా పళ్ళు తోముకుని ఉమ్మినప్పుడల్లా నురగ ఎర్రగానే వస్తోంది. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగేదాన్ని. నెత్తురు వచ్చే చోట బ్రష్ తగలకుండా తోముకునేదాన్ని. నేను చేసిన పెద్ద తప్పు అదే.

ఎడమవైపు కింది దవడ పన్ను కదులుతున్నట్టు అనిపించాక, కాకినాడలో చిగుళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. డాక్టరమ్మ సన్నటి కొలత పుల్లను చిగురుకీ పంటికీ మధ్య దించుతూ అంకెలు చెబుతుంటే, పక్కనున్న అమ్మాయి రాసుకుంది. "ఐదు, నాలుగు, ఆరు." అవి మిల్లీమీటర్లు. మూడు దాకా అయితే ఫర్వాలేదు. అంతకు మించి దిగితే చిగురు పంటిని వదిలేసి సంచిలా తయారైందన్నమాట. ఎక్స్‌రేలో ఎముక కూడా కొంత తరిగినట్టు కనిపించింది.

"షుగర్ ఉందా అమ్మా?" అని అడిగారు. ఉంది, ఎనిమిదేళ్ళుగా. షుగర్ ఎక్కువగా ఉంటే చిగుళ్ళు చెడతాయి, చిగుళ్ళు వాచి ఉంటే షుగర్ ఒక పట్టాన దిగదు అని ఆవిడ చెప్పేదాకా ఈ రెండిటికీ సంబంధం ఉందనే నాకు తెలియదు. ఇన్నేళ్ళుగా షుగర్‌కి చూపించుకుంటున్న చోట ఒక్కసారైనా నోరు తెరవమనలేదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

గార తీయిస్తే పళ్ళు వదులవుతాయని మా అత్తగారు వద్దే వద్దన్నారు. గార పోయి, వాపు దిగాక, అది కప్పిన సందులు బయటపడతాయి. జనం భయపడేది దానికే. మత్తు సూది ఇచ్చి, నాలుగు సిట్టింగుల్లో చిగుళ్ళ కింద పంటి వేర్ల దాకా శుభ్రం చేశారు. కొన్నాళ్ళు చల్లనీళ్ళు తాగితే జివ్వుమనేది, అంతే.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. పళ్ళ సందులు శుభ్రం చేసే ఫ్లాస్ దారం మూరెడు తెంపి రెండు నడిమి వేళ్ళకు చుట్టుకోవాలి. మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ సందులోకి దించి, పంటిని చుట్టినట్టు వంచి, కిందికీ పైకీ గీకాలి. ఒక్కసారిగా నొక్కితే చిగురు తెగుతుంది. మొదటి పది రోజులూ దారం ఎర్రగానే వచ్చింది. టెన్షన్ పడి ఫోన్ చేస్తే, "ఆపకండమ్మా, అక్కడ పాచి ఉంది కాబట్టే నెత్తురు" అన్నారు. రెండో వారం దాటాక దారం తెల్లగా రావడం చూసి ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

కానీ కుడివైపు నాకు మూడు పళ్ళ బ్రిడ్జి, అంటే పక్క పళ్ళకు అతికించి కట్టిన కట్టుడు పన్ను ఉంది. అతికిన పళ్ళ మధ్య దారం దిగదు. మా అబ్బాయి వాటర్ ఫ్లాసర్, అంటే సన్నటి నీటి ధారతో పళ్ళ సందులు కడిగే మిషన్ కొని పంపాడు. గోరువెచ్చటి నీళ్ళు పోసి, అన్నిటికంటే తక్కువ ఒత్తిడిలో పెట్టి, సింకు మీదికి వంగి, చిగురు అంచు వెంబడి మెల్లగా జరుపుతూ పోయాను. బ్రిడ్జి కింద నుంచి తోటకూర పీచు, కొబ్బరి తురుము వచ్చాయి. పొద్దున తిన్నవి!

సులువుగా ఉందని మూడు వారాలు దారం మానేసి నీళ్ళతోనే సరిపెట్టాను. డాక్టరమ్మ పళ్ళకు పాచిని చూపించే రంగు పూసి అద్దం పట్టుకున్నారు. ముందు పళ్ళు ఒకదానికొకటి ఆనుకునే చోటల్లా ఎర్రటి చారలు మిగిలాయి. నెత్తురు తగ్గడానికి నీళ్ళూ బాగా పనిచేస్తాయని ఆవిడే అన్నారు, కానీ నా నోట్లో బిగువు సందుల్లో అంటుకున్న పాచి దారంతోనే వదిలింది. అందుకే ఇప్పుడు బ్రిడ్జికీ వెనక పళ్ళకూ నీళ్ళు, మిగతా చోట్ల దారం. డబ్బుల దగ్గర ఆలోచించేవాళ్ళు మాత్రం ముందు దారమే నేర్చుకోండి.

మూడు నెలలకు మళ్ళీ కొలిచారు. "మూడు, రెండు, మూడు." మూడు నెలల సగటు షుగర్ (HbA1c పరీక్ష) కూడా 8.4 శాతం నుంచి 7.6కి దిగింది. నడక పెంచాను కాబట్టి అదంతా చిగుళ్ళ వల్లేనని అనను. ఎడమవైపు చివరి పంటి వెనక మాత్రం ఇంకా ఐదే ఉంది. రోజూ రాత్రి నీళ్ళు ముందు అక్కడే పట్టిస్తున్నాను.