బోర్న్‌మత్ ఆర్కెస్ట్రాకు వలస వచ్చిన సంగీతం

ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పూల్ పట్టణంలో, లైట్‌హౌస్ అనే కళాకేంద్రంలో నేను స్టీవార్డ్‌గా పనిచేస్తాను. టికెట్లు చూడటం, జనాన్ని సీట్లలో కూర్చోబెట్టడం, ఆలస్యంగా వచ్చినవాళ్లను తలుపు దగ్గర ఆపడం నా పని. ఆపేటప్పుడు కాస్త టెన్షన్‌గానే ఉంటుంది. తలుపులు మూశాక మాత్రం హాయి. ఓబో ఒక్క స్వరాన్ని పట్టి నిలుపుతుంది, మిగతా వాద్యాలన్నీ దానికి శ్రుతి కలుపుకుంటాయి. అది వినడానికే సాయంత్రం షిఫ్టులు అడిగి మరీ వేయించుకుంటాను.

వాయించేది బోర్న్‌మత్ సింఫనీ ఆర్కెస్ట్రా. 1893లో పక్క ఊరు బోర్న్‌మత్‌లో డాన్ గాడ్‌ఫ్రీ సారథ్యంలో మున్సిపల్ ఆర్కెస్ట్రాగా పుట్టింది. 1934 వరకు ఆయనే నడిపారు, బ్రిటిష్ స్వరకర్తలకు బాగా చోటిచ్చారు. ఇప్పటి పేరు 1954లో వచ్చింది. ఇప్పుడు మకాం పూల్‌లో. ఇక్కడితో ఆగరు, ఎక్సెటర్, పోర్ట్స్‌మత్ లాంటి ఊళ్లకూ వెళ్లి వాయిస్తారు.

పొట్ట చేతపట్టుకుని వచ్చినదాన్ని కాబట్టేమో, నన్ను పట్టుకున్నది బయటి దేశాల నుంచి వచ్చిన కండక్టర్ల కథ, అంటే ముందు నిలబడి చేతి సైగలతో ఆర్కెస్ట్రాను నడిపించేవాళ్ల కథ. 1961లో రొమేనియా నుంచి వచ్చిన కాన్‌స్టాంటిన్ సిల్వెస్ట్రీ పగ్గాలు పట్టారు. తర్వాత ఫిన్లండ్‌కు చెందిన పావో బెర్గ్‌లుండ్. ఆయన బేటన్, అదే సైగలు చేసే చిన్న పుల్ల, ఎడమ చేత్తో పట్టేవారు. తమ దేశపు స్వరకర్త సిబేలియస్ సంగీతాన్ని ఈ తీరానికి తెచ్చారు. ‘కుల్లెర్వో’ 1892 నాటి సిబేలియస్ రచన. తొలి కచేరీల తర్వాత సిబేలియస్ దాన్ని పక్కన పెట్టేశారు, బతికుండగా మళ్లీ మొత్తంగా వాయించనివ్వలేదు. దాని తొలి రికార్డింగ్ 1970లో బెర్గ్‌లుండ్‌తో చేసింది ఈ ఆర్కెస్ట్రానే!

2009 నుంచి 2024 దాకా ఉక్రెయిన్‌కు చెందిన కిరిల్ కరాబిట్స్ ప్రధాన కండక్టర్‌గా ఉన్నారు. ఆయన తమ దేశపు స్వరకర్త లియాతోషిన్‌స్కీని, అజర్‌బైజాన్ కారా కారాయెవ్‌ను, ఆర్మేనియా అవెత్ తెర్తెర్యాన్‌ను ఇక్కడివాళ్లకు పరిచయం చేశారు. తెర్తెర్యాన్ మూడో సింఫనీలో ఆర్కెస్ట్రాతో పాటు దుదుక్, జుర్నా అనే ఊదే వాద్యాలు మోగుతాయి. జుర్నా మన సన్నాయికి చుట్టమే. ఆ రికార్డింగ్ విన్నప్పుడు ఒళ్లు జలదరించింది. వయొలిన్ల మధ్య అది ఒదిగి ఉండదు, గొంతెత్తి నిలబడుతుంది. ఈ ఆర్కెస్ట్రా చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే.

ఇప్పుడు మార్క్ విగ్గిల్స్‌వర్త్ వచ్చారు. బేతోవెన్, బ్రామ్స్ ఎటూ ఉంటారు. వాళ్ల పక్కన తెర్తెర్యాన్ కూడా ప్రోగ్రామ్‌లో తరచూ పడాలని నా కోరిక.