చెయ్యి జారలేదు

ఎలా జరిగిందని అడిగిన ప్రతి ఒక్కరికీ ఒకటే జవాబు చెప్పాను: చెయ్యి జారింది. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరుకి అదే చెప్పాను, ఆపరేషన్ చేసిన సర్జన్‌కి అదే చెప్పాను, పలకరించడానికి వచ్చినవాళ్లకీ అదే. చెప్పగా చెప్పగా నేనూ నమ్మేశాను. అది అబద్ధమని ఐదు వారాల తర్వాత ఒక చెక్కముక్క చూస్తేగానీ తెలియలేదు.

ఇలాంటి ప్రమాదాల కథల్లో మనిషి అలసిపోయి ఉంటాడు, చీకటి పడుతుంటుంది, అది ఆఖరి కోత అయి ఉంటుంది. నాది పొద్దున్నే, రెండో పలక. బాగా నిద్రపోయి వచ్చాను. అలమర అరల కోసం అంగుళం మందం పలకని టేబుల్ సా మీద, అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి లేచి ఉండే రంపం మిషన్ మీద, నిలువునా చీలుస్తున్నాను. కుడివైపు పలకని ఆనించి తోసే ఫెన్స్, కుడిచేతిలో తోపుడు కర్ర, ఎడమచెయ్యి పలక మీద. ఆ చేతికీ బ్లేడుకీ మధ్య బెత్తెడు దూరం ఉంది. ఇరవై ఏళ్లుగా ఆ బెత్తెడే నా ధీమా.

కోత సగం దాటింది. మోటారు గొంతు ఒక్కసారి బొంగురుపోయింది. వెంటనే నా వెనక గోడకి ఏదో దభీమని తగిలింది. చూస్తే టేబుల్ మీద పలక లేదు. నొప్పి కూడా లేదు. బల్లమీదున్న పొట్టులో ఎర్రటి చుక్కలు పడుతున్నాయి, పొట్టు వాటిని పీల్చేసుకుంటోంది. ఎవరివా అనుకున్నాను.

"అన్నా, చెయ్యి!" అని అరిచి మా కుర్రాడు స్విచ్ ఆపాడు. శుభ్రమైన గుడ్డ తెచ్చి గట్టిగా అదిమి, చేతిని గుండెకన్నా పైకెత్తి పట్టుకున్నాడు. వాపు రాకముందే ఉంగరం లాగేశాడు. అవన్నీ వాడికి ఎవరు నేర్పారో ఇప్పటికీ అడగలేదు. నేను మాత్రం పలక విరిగిందా, అరకి పనికొస్తుందా అని రెండుసార్లు అడిగానట.

చూపుడు వేలి కొస కండ కొంత పోయింది. నడిమి వేలిది అసలు గాయం. లోపలివైపు, మధ్య కణుపుకి కొంచెం కింద, అడ్డంగా తెగింది. చెయ్యి వరకే మత్తిచ్చారు కాబట్టి ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ మాటలు వినబడుతూనే ఉన్నాయి. నరం తెగిందా అని అడిగితే సర్జన్ అన్నారు: "మన వాడుకలో రక్తం పారేదీ నరమే, స్పర్శ మోసేదీ నరమే, వేలిని లాగే తాడూ నరమే. మీకు ఆ మూడూ తెగాయి." వేలికి రెండు పక్కలా ఒక్కో రక్తనాళం, ఒక్కో నరం ఉంటాయట. ఒక పక్కవి మిగిలాయి కాబట్టే వేలు బతికింది.

ఆవిడే ఇంకో మాటా అన్నారు. కత్తి గాయమైతే రెండు కొసలూ దగ్గరకి లాగి కుట్టడం తేలిక. రంపం గాయంలో మధ్యలో మూడు మిల్లీమీటర్లు అసలు ఉండదు, అంచులు కూడా నలిగిపోయి ఉంటాయి. మత్తులో కూడా నాకు నవ్వొచ్చింది. గీత గీసే ముందు బ్లేడు మింగే మందం లెక్కలో వేసుకోవడం నా రోజువారీ పని మరి. ఈసారి ఆ మందం నా వేల్లోంచి పోయింది.

తర్వాత ఆరు వారాలు స్ప్లింట్. మణికట్టూ వేళ్లూ కాస్త వంచి, చాచడానికి వీల్లేకుండా చేతి పైభాగాన ప్లాస్టిక్ పట్టీ. వేలు కదపకపోతే కుట్టిన తాడు చుట్టూ ఉన్న కండకి అతుక్కుపోతుంది, గట్టిగా కదిపితే తెగిపోతుంది. ఈ రెంటి మధ్య సన్నటి దారిలో మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి లెక్క ప్రకారం వంచాలి. ఫిజియోథెరపిస్టు చిన్నపిల్లే కానీ మాట కరుకు. "మీకు నొప్పిగా ఉన్న రోజు నాకు భయం లేదండీ. బాగుందనిపించి బకెట్ ఎత్తే రోజు ఉంటుంది చూడండి, అప్పుడు తెంపుకుంటారు." పన్నెండు వారాలు దాటేదాకా బరువు పట్టొద్దంది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఇంకో మనిషి కావాల్సిన మగాడి కోపం ఎలా ఉంటుందో మా ఇంట్లోవాళ్లనే అడగాలి. ఆ రోజుల గురించి ఇంతకన్నా రాయను.

నిద్ర ఉండేది కాదు. ఎక్కడ మోటారు తిరిగినా, ఆ బొంగురు గొంతు వస్తుందేమోనని భుజాలు బిగుసుకునేవి. రాత్రిళ్లు ఫోన్‌లో మాంసాన్ని తాకగానే ఆగిపోయే రంపాల వీడియోలు చూసేవాణ్ని. అమెరికాలో స్టీవ్ గాస్ అనే ఆయన 1999లో మొదలుపెట్టిన పని అది. బ్లేడులో చిన్న విద్యుత్ సంకేతం నడుస్తుంటుంది. ఒళ్లు తగిలితే ఆ సంకేతం పడిపోతుంది, వెంటనే అల్యూమినియం దిమ్మ ఒకటి పళ్లలోకి దూసుకొస్తుంది. సుమారు ఐదు మిల్లీసెకన్లలో బ్లేడు ఆగిపోతుంది, వేలికి గీత పడి ఊరుకుంటుంది. అలాంటిది ఉంటే నా వేలు ఇంతగా తెగేది కాదు, నిజమే. కానీ ఆ వీడియోల్లో పలక వెనక్కి ఎగిరి రావడం ఎక్కడా కనిపించలేదు. నా విషయంలో ముందు జరిగింది అదే కదా అని అప్పటికి తట్టలేదు.

ఐదో వారంలో షెడ్డుకి వెళ్లాను, ఊరికే చూసి వద్దామని. కుర్రాడు అన్నీ కడిగేశాడు కానీ ఆ పలకని పారెయ్యలేదు, గోడకి ఆనించి ఉంచాడు. తిప్పి చూశాను. అడుగున, కోత పక్కన, కొడవలిలా వంపు తిరిగిన గాటు ఒకటి ఉంది. ముందునుంచి కోసే పళ్లు అలాంటి గాటు పెట్టవు. అది బ్లేడు వెనక పళ్ల పని.

అక్కడే కూర్చుండిపోయాను. పలక లోపలి బిగువు వల్ల, చీలుస్తుండగానే వెనక రెండు ముక్కలూ ఒకదానివైపు ఒకటి వంగి కోత మూసుకుంది. బ్లేడు వెనక భాగంలో పళ్లు కిందనుంచి పైకి లేస్తాయి. మూసుకున్న చెక్క వాటికి దొరికింది. పైకెత్తి, మెలితిప్పి, నావైపు విసిరాయి. పది అంగుళాల బ్లేడు నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరిగితే పన్ను కొస వేగం గంటకి దాదాపు 190 కిలోమీటర్లు. ఎడమచెయ్యి నొక్కి ఉంచిన పలక కింద లేకుండా పోయింది, నొక్కుతున్న చెయ్యి బ్లేడు మీదికి వెళ్లింది. ఉలిక్కిపడి చెయ్యి తియ్యడానికి సెకనులో అయిదో వంతు పడుతుందనుకున్నా ఆలోపు బ్లేడు పదమూడు చుట్లు తిరిగేస్తుంది. నా బ్లేడుకి నలభై పళ్లు. ఐదొందల పళ్లకి పైగా దాటిపోయాక నాకు తెలిసింది.

చెయ్యి జారలేదు. నేను పక్కకి నిలబడ్డాను కాబట్టి పలక పొట్టలో దిగకుండా గోడకి కొట్టుకుంది, అదొక్కటే నేను సరిగ్గా చేసింది.

సొరుగు తెరిచాను. స్ప్లిటర్ అందులోనే ఉంది, రెండు బోల్టులతో సహా. బ్లేడు వెనక, కోతలోనే నిలబడి రెండు ముక్కల్నీ దగ్గరకి రానివ్వని రేకు అది. నా మిషన్ పాతది, ఆ రేకుకే పైన బ్లేడుని కప్పే గార్డు బిగించి ఉంటుంది, పలకని పూర్తిగా చీల్చకుండా గాడి కొట్టాలంటే మొత్తం విప్పాలి. అంతకుముందు వారం గాడులు కొట్టి, మళ్లీ బిగించడానికి బద్ధకించాను. కొత్త మిషన్లలో ఇదే పనికి వచ్చే రైవింగ్ నైఫ్ అనే రేకు బ్లేడుతోపాటే పైకీ కిందకీ కదులుతుంది, పళ్లకన్నా కాస్త కిందే ఉంటుంది కాబట్టి గాడికి కూడా తియ్యక్కర్లేదు. ఎవరో నాలాంటివాణ్ని చూసే అలా చేసి ఉంటారు. నాకు ఇరవై ఏళ్ల అనుభవం ఉంది, జాగ్రత్తగా ఉంటాను, రెండు కోతలకోసం అవన్నీ ఎందుకు అనుకునేవాణ్ని. బెత్తెడు దూరం లెక్క కూడా అలాంటిదే. పలక కదలకుండా ఉన్నంతవరకే అది బెత్తెడు.

తర్వాత వెళ్లినప్పుడు ఫిజియో పిల్లతో ఆ మాట చెప్పాను. "రికార్డులో మార్చమంటారా?" అంది. మార్చమన్నాను.

కొత్త నరం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుందట. వేలిమీద మెల్లగా తడితే ఎక్కడ జివ్వుమంటుందో అక్కడిదాకా వచ్చినట్టు. ప్రతి ఆదివారం పెన్నుతో చుక్క పెట్టుకునేవాణ్ని. చుక్క చివరి కణుపు దాటిన వారం దూది రాసుకుంటే ముల్లు గుచ్చినట్టుంది, ఇసుకలో పెడితే మంట. రోజూ అలా రకరకాల వాటికి రాసి అలవాటు చెయ్యమన్నారు. ఇప్పుడు చలికి ఆ వేలు మిగతా వేళ్లకన్నా ముందే నీలంగా మారుతుంది. చివరి కణుపు సగమే వంగుతుంది. చిత్రిక పట్టగలను. చిన్న మేకు పట్టుకోవాలంటే బొటనవేలికి ఉంగరపు వేలిని జత చేస్తున్నాను.

నాలుగున్నర నెలలకి మిషన్ ఆన్ చేశాను. స్ప్లిటర్ బిగించి ఉంది, గార్డు కిందికి దించి ఉంది, పలకని ఫెన్స్‌కి నొక్కి ఉంచడానికి చెయ్యి బదులు ఫెదర్‌బోర్డు పెట్టాను. కోసింది అదే మానునుంచి వచ్చిన జంట పలక. రెండు జానల కోత అయ్యేసరికి ఆ బొంగురు గొంతు మళ్లీ వచ్చింది. ఒళ్లంతా చెమట పట్టింది. మోకాలితో స్విచ్ నొక్కేశాను. బ్లేడు ఆగాక వంగి చూస్తే రెండు చెక్కలూ స్ప్లిటర్‌ని అటూ ఇటూ కరిచి పట్టుకుని ఉన్నాయి. కుర్రాడు కోతలో చిన్న చీల కొట్టి సందు తెరిచాడు.

"కానిద్దామా అన్నా?" అన్నాడు. ఓ అరగంట ఆగుదామన్నాను.