రంగు వదలని పుల్లలు

మూడు వారాలైనా దగ్గు తగ్గకపోతే క్షయ (టీబీ) ఉందేమోనని తెమడ పరీక్షకు పంపారు. ఒక డబ్బీ అప్పటికప్పుడు, రెండోది మర్నాడు నిద్ర లేవగానే. ఫలితానికి వెళ్లినప్పుడు ల్యాబ్ టెక్నీషియన్ నా ముఖం చూసి జాలిపడ్డాడో ఏమో, "చూస్తారా సార్?" అంటూ మైక్రోస్కోపు దగ్గరికి పిలిచాడు.

నీలం మీద సన్నటి ఎర్ర పుల్లలు. నాలుగో అయిదో ఉన్నాయి, ఒకటి కాస్త వంగి ఉంది. అన్నీ నా ఊపిరితిత్తుల్లోవే.

స్లైడు మీద ఎర్ర రంగు పోసి ఆవిరి లేచేదాకా వేడి చేస్తారట. తర్వాత ఆమ్లంతో కడిగితే మామూలు బ్యాక్టీరియా రంగు వదిలేస్తుంది, క్షయ బ్యాక్టీరియా వదలదు. దాని కణకవచంలో మైకోలిక్ ఆమ్లాలనే పొడవాటి కొవ్వు ఆమ్లాలు మైనం పూసినట్టు పేరుకుని ఉంటాయి. 1882లో ఈ బ్యాక్టీరియాను కనిపెట్టిన రాబర్ట్ కోచ్‌ను కూడా ఈ రంగు పట్టించే పనే ముప్పుతిప్పలు పెట్టింది.

నా బరువు 52 కిలోలు కాబట్టి రోజుకు నాలుగు మాత్రలు, మందులన్నీ ఒక్కో మాత్రలోనే కలిపి ఉంటాయి. మొదటి రోజే మూత్రం నారింజ రంగులో వస్తే రక్తమేమోనని హడలిపోయాను. అది రిఫాంపిసిన్ అనే మందు రంగని ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రాత్రి నిద్ర పట్టేది.

రెండు నెలలకు దగ్గు పోయింది, ఆకలి వచ్చింది. మందుల్లో ఒకటి తగ్గించారు గాని మాత్రలు మాత్రం నాలుగే. ఇక మానేద్దామనిపించి, "టైఫాయిడ్‌కు రెండు వారాలు, దీనికి ఆరు నెలలా?" అని డాక్టరమ్మను అడిగాను. ఆవిడ విసుక్కోలేదు. పేగుల్లోని ఈ. కోలై అనే బ్యాక్టీరియా, అన్నీ కుదిరితే, ఇరవై నిమిషాలకొకసారి రెండవుతుంది, క్షయ బ్యాక్టీరియాకు పదిహేను ఇరవై గంటలు పడుతుంది. మన తెల్లకణాలు మింగినా అరగకుండా వాటిలోనే కాపురం పెట్టగలదు. ఐసోనియాజిడ్ అనే మందు ఆ మైనాన్ని తయారు కానివ్వదు. అయితే కొన్ని బ్యాక్టీరియాలు పెరగడం మాని పడుకుంటాయి. "ఇల్లు కట్టడమే ఆపేసినవాడి దగ్గర మేస్త్రీని మాన్పిస్తే ఏం లాభమండీ?" అన్నారు. అలాంటివాటి కోసమే రిఫాంపిసిన్, అన్ని నెలలూను.

ఇథాంబుటాల్ అనే మరో మందు వల్ల చూపు దెబ్బతినవచ్చని నెలనెలా ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుస్తోందా అని అడిగేవారు. నాకైతే ఎరుపు మరీ బాగా గుర్తుండిపోయింది.

ఆరో నెల చివర మళ్లీ అదే టెక్నీషియన్. ఈసారి నేనే అడిగి చూశాను. అంతా నీలమే. "స్లైడు మీద ఇంకా వంద చోట్ల చూడాలి సార్" అని నన్ను పక్కకు జరగమని ఆయన మళ్లీ మైక్రోస్కోపు మీదికి వంగాడు.