ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు

భీమవరంలో షాపు మధ్యలో నిలబడి, ఫోన్‌లో జూమ్ చేసుకుని పిల్లి మేత ప్యాకెట్ వెనక చదువుతున్నాను. "ఏదైనా ఒకటేనండీ, అన్నిటి మీదా చేప బొమ్మే కదా" అన్నాడు కుర్రాడు.

ఒకటి కాదు. ఒకదానిలో మొదటి పేరే మొక్కజొన్న, ఇంకోదానిలో కోడిమాంసం. ఎక్కువ బరువున్నది ముందు రాస్తారు. పిల్లి మాంసం మీద బతికే ప్రాణి. మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం అందకపోతే గుండె, కళ్లు దెబ్బతింటాయి. అందుకే టారిన్ ఉందా, పెద్ద పిల్లులకు సంపూర్ణ ఆహారమని రాశారా అని రెండూ చూశాను. రెండోది లేకపోతే అది చిరుతిండి కిందే లెక్క. కుక్క మేత అయితే అసలు వద్దు.

"బొచ్చె తలకాయలు తిని పెరిగిందే, ఇప్పుడీ గింజలేంటే?" అంది అమ్మ. నిజమే, చేపంటే మా చిట్టికి ప్రాణం. కానీ కొన్ని పచ్చి చేపలు రోజూ పెడితే ఒంట్లో బి1 విటమిన్ తగ్గిపోతుంది. దానికి నాలుగేళ్లు. ఇంకో పదేళ్లయినా మా అరుగు మీద పడుకోవాలి కదా.

పొడి మేతలో నీరు 10 శాతమే ఉంటుంది, తడి మేతలో 75 దాటుతుంది. చిట్టికి నీళ్లు తాగే అలవాటు తక్కువ, నా టెన్షన్ అదే. తడి ప్యాకెట్లు కూడా నాలుగు తెచ్చాను. నూతి గట్టు దగ్గర ఇంకో గిన్నె నీళ్లు పెట్టాను.

ఒక్కసారే మారిస్తే కడుపు పాడవుతుంది. అందుకే రాత్రి చేపన్నంలో పావు వంతే కలిపాను.

చేప ఏరుకుని తినేసి, గింజల్ని వాసన చూస్తూ కూర్చుంది. ఇప్పుడే ఒకటి కొరికిన చప్పుడు వినిపించింది.