నాలుగు పోర్షన్ల ఇల్లు కొనే ముందు

అమ్మేవాళ్లు చూపించే అద్దెల జాబితాతో లెక్క మొదలుపెట్టకండి. గత 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు అడిగి, అద్దె ఒప్పందాలతో పోల్చి చూడండి. అద్దెకుంటున్నవాళ్ల దగ్గర అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత అన్నది రాతలో తీసుకోండి. కొత్తవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఈ అడ్వాన్సునే. అమ్మకం ధరలో దాన్ని మినహాయించుకోకపోతే, వాళ్లు ఖాళీ చేసే రోజున మీ జేబులోంచే ఇవ్వాలి.

ఇక లెక్క. ఉదాహరణకు పోర్షన్‌కి నెలకు అద్దె 100 అనుకుంటే, నాలుగింటికి ఏడాదికి 4,800. ఒక్కోటి ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుందనుకుంటే 4,400. పన్ను, బీమా, మరమ్మతులు, మెట్ల దగ్గర కరెంటు, ఇల్లు చూసుకునే మనిషి జీతం, వీటికి 40 శాతం తీసేయండి. మిగిలేది 2,640. ఇది ఏడాదికి కట్టాల్సిన బ్యాంకు లోను వాయిదాలకు కనీసం 1.25 రెట్లుండాలి. అంటే వాయిదాలు 2,112 దాటితే నాకైతే ఆ బేరం వద్దనిపిస్తుంది. మీరే చూసుకుంటున్నా ఆ జీతం లెక్కలోంచి తీసేయకండి, ఎన్నాళ్లో చూసుకోలేరు.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు అన్ని కుళాయిలూ కట్టేయించి, నీళ్ల మీటరు ముందు 15 నిమిషాలు నిలబడండి. ముల్లు కదిలిందంటే ఎక్కడో లీకు ఉండొచ్చు. తర్వాత పై అంతస్తుల్లో ఫ్లష్‌లన్నీ ఒకేసారి వదిలి, కింది బాత్రూం జాలీ వైపు చూడండి. నీళ్లు గుడగుడమని పైకి తన్నితే మురుగు పైపు మూసుకుపోయిందన్నమాట. దాన్ని తవ్వి మార్చే ఖర్చు ముందే ధరలో తగ్గించమనండి.