జ్వరాల లెక్క ఎవరి చేతికి చేరాలి?

రక్తపరీక్షల ల్యాబు నడుపుతున్న నాకు ఏటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఊపిరి సలపని పని ఉంటుంది. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వానలు పడే ఆ నెలల్లోనే డెంగీ, స్క్రబ్ టైఫస్, టైఫాయిడ్ అనుమానంతో వచ్చేవారు పెరుగుతారు. మా చేతుల మీదుగా వెళ్లే ఆ ఫలితాల్లో ప్రజారోగ్యానికి పనికివచ్చే సమాచారం ఎంతో ఉంటుంది. అది పైకి వెళ్లే దారి ఈ ఇరవై ఏళ్లలో చాలా మెరుగుపడింది. తిరిగి కిందికి వచ్చే దారి మాత్రం ఇంకా సరిగ్గా పడలేదని నా అభిప్రాయం.

ఐడీఎస్‌పీ అని పిలిచే సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం 2004లో మొదలైంది. లక్షణాలను బట్టి ఏఎన్‌ఎంలు నింపే ఎస్ ఫారం, డాక్టరు అనుమానాన్ని బట్టి నింపే పీ ఫారం, పరీక్షలో తేలినదాన్ని బట్టి ల్యాబు నింపే ఎల్ ఫారం, ఈ మూడూ వారానికొకసారి జిల్లా కేంద్రానికి చేరేవి. అయితే అక్కడికి చేరేది మొత్తం అంకె ఒక్కటే. ఫలానా వారంలో ఇన్ని జ్వరాలని తెలిసేది కానీ, అవన్నీ ఒకే వీధిలోవా, పది ఊళ్లలోవా అన్నది తెలిసేది కాదు. ఆ లోపాన్ని సరిచేయడానికి ఐహెచ్‌ఐపీ అనే సమగ్ర ఆరోగ్య సమాచార వేదికను 2018 నవంబరులో ఏడు రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టారు. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2021 ఏప్రిల్‌లో దేశమంతటికీ విస్తరించారు. అంతకుముందు 18 వ్యాధులను గమనించేవారు, ఇప్పుడు 33 వ్యాధులను గమనిస్తున్నారు. అంతకంటే ముఖ్యంగా, ఒక్కో రోగి వివరం విడిగా, ఊరితో సహా నమోదై, మ్యాపు మీద కనిపించే వీలు కలిగింది. ఇది చిన్న మార్పు కాదు.

ఇంత మంచి వేదికలోకి వెళ్లే సమాచారం పుట్టేచోటే తేడా వస్తోంది. డెంగీనే తీసుకుందాం. చిన్న ల్యాబుల్లో ఎక్కువగా చేసేది కార్డు పరీక్ష. పావుగంటలో గీత పడుతుంది, ఖర్చు తక్కువ. జాతీయ కార్యక్రమం మాత్రం ఎలైజా అనే ల్యాబు పరీక్షలో ఎన్‌ఎస్1 (వైరస్ ప్రొటీను) గానీ, ఐజీఎం (వైరస్‌పై శరీరం తయారుచేసే యాంటీబాడీ) గానీ పాజిటివ్ వస్తేనే డెంగీ అని నిర్ధారిస్తుంది. ఆ నియమానికి శాస్త్రీయమైన కారణం ఉంది, కార్డు పరీక్షలో పొరపాట్లకు ఆస్కారం ఎక్కువ. కానీ దాని ఫలితంగా, ఒక వీధిలో ఇంటికొకరు డెంగీ అని మందులు వాడుతుండగా, అధికారిక లెక్కలో ఆ వీధి పేరే ఉండకపోవచ్చు. ఎవరూ అబద్ధం చెప్పకపోయినా జనం అనుభవానికీ ప్రభుత్వ లెక్కకూ పొంతన కుదరదు. కార్డు ఫలితాలను నిర్ధారణగా లెక్కించనక్కర లేదు. ‘అనుమానితం’ అన్న వేరే వరుసలో చూపిస్తే చాలు. ఎక్కడ ఎలైజాకు నమూనాలు సేకరించాలో ఆ వరుసే చెబుతుంది.

రెండో తేడా చిరునామాలో ఉంది. మా కౌంటరులో నింపే చీటీలో పేరు, వయసు, ఫోన్ నంబరు తప్పనిసరిగా ఉంటాయి; చిరునామా గడిలో తరచుగా ‘తిరుపతి’ అన్న ఒక్క మాటే ఉంటుంది. డెంగీని మోసే ఏడిస్ దోమ సాధారణంగా కొన్ని వందల మీటర్లకు మించి ఎగరదు. కాబట్టి ఏ వార్డు, ఏ వీధి అన్నది తెలియకపోతే, తొట్లలో లార్వాలను వెతికే సిబ్బందికి ఆ నమోదు వల్ల ఒరిగేదేమీ లేదు. దర్శనానికి వచ్చి జ్వరంతో పడినవారి విషయం మరీ క్లిష్టం. దోమ కుట్టిన నాలుగు నుంచి పది రోజులకు గానీ డెంగీ జ్వరం బయటపడదు. నిన్న కొండ దిగి, ఇవాళ లాడ్జిలో జ్వరం తెచ్చుకున్న యాత్రికుడు ఆ జబ్బును బహుశా తన ఊరి నుంచే తెచ్చుకుని ఉంటాడు. ఇక్కడ దోమ కుట్టించుకున్నవాడు సేలంలోనో షోలాపూర్‌లోనో మంచమెక్కుతాడు. లాడ్జి చిరునామా రాస్తే మన జిల్లాకు లేని జబ్బు అంటగట్టినట్టవుతుంది, సొంత ఊరి చిరునామా రాస్తే ఉన్న జబ్బు దాగిపోతుంది. ‘గత పది రాత్రులు ఎక్కడ పడుకున్నారు?’ అన్న ప్రశ్న ఒక్కటి అడిగి రాసుకుంటే ఈ చిక్కులో సగం తీరుతుంది.

ఇక రాసేవారి కష్టం చూడాలి. మా ప్రాంతంలో తిరిగే ఏఎన్‌ఎం ఒకసారి నాతో ఇలా అంది: “రాసిందే మళ్లా ఎక్కించాలన్నా. సిగ్నల్ లేకపోతే రాత్రి ఇంటికాడ కూసోని ఎక్కిస్తా. ఎక్కించిందంతా యాడికి పోతాదో నాకైతే తెలీదు.” గర్భిణుల వివరాలకు ఒక యాప్, టీకాలకు ఒకటి, బీపీ, షుగరు సర్వేకు ఒకటి, జ్వరాలకు మరొకటి, అన్నింటిలోనూ అదే మనిషి పేరు, అదే ఆధార్, అదే ఊరు. ఒక్కో మనిషికి డిజిటల్ ఆరోగ్య ఖాతాగా ఇచ్చే 14 అంకెల ఆభా నంబరు ఉద్దేశాల్లో ఒకటి ఈ విడివిడి వివరాలను కలపడమే. 2025 జులైలో కుప్పం ప్రాంతీయ ఆసుపత్రిలో ప్రారంభమైన డిజిటల్ నర్వ్ సెంటర్ కూడా ఆసుపత్రినీ పీహెచ్‌సీలనూ కలిపే ప్రయత్నమే. ఇవి ఆమె పనిని తగ్గించాయా, పెంచాయా అన్నదే వీటికి అసలైన పరీక్ష.

ఆమె చివరి మాట నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. సమాచారం తిరిగి రావడం వల్ల ఏం ఒరుగుతుందని అడిగేవారికి స్క్రబ్ టైఫస్ మంచి జవాబు. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లి (మంచపు నల్లి కాదు, మైట్) జాతి పురుగు పిల్ల కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది. నొప్పి ఉండదు, తరచుగా చంకలోనో గజ్జల్లోనో ఉంటుంది కనుక రోగి కూడా గమనించడు. ముందే గుర్తిస్తే డాక్సీసైక్లిన్ వంటి చవకైన మందుతో నయమవుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. పక్క మండలంలో ఈ వారం కేసులు వచ్చాయని తెలిసిన డాక్టరు చొక్కా విప్పించి ఆ పక్కు కోసం వెతుకుతాడు. తెలియని డాక్టరు వైరల్ జ్వరమని పారాసిటమాల్ రాసి పంపే అవకాశమే ఎక్కువ. ఒక ప్రాణం నిలవడానికి ఆ ఒక్క వార్త చాలు.

ఇలాంటి వార్త పంపడానికి కంప్యూటరే ఉండాలని లేదని మన పొరుగునే ఒకప్పుడు రుజువైంది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ టి. జాకబ్ జాన్, ఆయన సహచరులు 1980లలో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ‘నాది’ (NADHI) అనే నిఘా పద్ధతిని నడిపారు. ప్రభుత్వ వైద్యులతో పాటు ప్రైవేటు వైద్యులు కూడా ముద్రించిన పోస్టుకార్డుల మీద వ్యాధుల వివరాలు రాసి పంపేవారు. వాటిని క్రోడీకరించి నెలనెలా ఒక బులెటిన్‌గా ఆ వైద్యులకే తిరిగి పంపేవారు. తాము రాసింది పనికొస్తోందని కళ్లారా చూసినవారు మళ్లీ రాస్తారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఆ ఉత్తర ఆర్కాటుకు మన చిత్తూరే కేంద్రం. ఇప్పటికీ చిత్తూరు, పలమనేరు వైపు జబ్బు ముదిరితే వేలూరుకో బెంగళూరుకో పరుగెడతారు. అక్కడ తేలిన రోగం వార్త రోగి సొంత మండలంలోని పీహెచ్‌సీకి అదే వారంలో చేరాలి. రాష్ట్రాల సరిహద్దు జబ్బుకు అడ్డు కానప్పుడు, వార్తకు మాత్రం ఎందుకు అడ్డు కావాలి?

అంకెలు బయటపెడితే చెడ్డపేరు వస్తుందన్న భయం కూడా ఉంది. కేరళ ఆరోగ్యశాఖ డెంగీ, ఎలుకజ్వరం వంటి వాటి లెక్కలను జిల్లాలవారీగా ఏ రోజుకారోజు ప్రకటిస్తుంది. అంకెలు ఎక్కువగా కనిపించినందుకు ఆ రాష్ట్రం పరువేమీ పోలేదు. కేసులు ఎక్కువ చూపినందుకు సిబ్బందిని మందలించినచోట మరుసటి వారం కేసులు తగ్గుతాయి, జ్వరాలు తగ్గవు. గోప్యత మాత్రం మరో సంగతి. కొవిడ్ తొలి నెలల్లో రోగుల పేర్లతో సహా జాబితాలు వాట్సాప్‌లో తిరిగినప్పుడు ఆ కుటుంబాలు పడిన అవమానం మరచిపోకూడదు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. పేర్లు జిల్లా నిఘా అధికారి దగ్గర ఆగిపోయి, ఊరు, వారం, జబ్బు, సంఖ్య మాత్రమే బయటికి రావాలి. రెండు మూడు కేసులే ఉన్న చిన్న ఊళ్లయితే ఊరి పేరు కూడా లేకుండా మండలం పేరుతో సరిపెట్టాలి.

అందుకే నేను కోరేది తెలుగులో ఒక్క పేజీ బులెటిన్. తిరుపతి, చిత్తూరు జిల్లాలకు కలిపి ప్రతి బుధవారం వెలువడాలి. మండలాలవారీగా జ్వరాలు, విరేచనాలు, కామెర్లు. డెంగీలో నిర్ధారితం ఒక వరుస, అనుమానితం ఒక వరుస. వేలూరు, చెన్నై, బెంగళూరు ఆసుపత్రుల్లో తేలిన మనవాళ్ల కేసులు వేరుగా ఒక వరుస. అది పీహెచ్‌సీ గోడ మీద అతికించాలి, ప్రైవేటు క్లినిక్‌లకూ మాలాంటి ల్యాబులకూ ఏఎన్‌ఎంల ఫోన్లకూ పంపాలి. ఇందుకు కావలసిన వివరాల్లో చాలా భాగం ఇప్పటికే ఐహెచ్‌ఐపీలో చేరుతోంది. మొదట ఒక్క డివిజన్‌లో, ఈ వానల కాలంలోనే మొదలుపెట్టినా మేలే.